మీటరు చూపిన అంకెను నమ్మేముందు: కొలతల పని, డేటా తనిఖీ చేత్తో నేర్చుకోవడం ఎలా

మీ డేటా లాగర్‌కు (సెన్సర్ల రీడింగులను నమోదు చేసే పరికరం) తగిలించిన సెన్సర్ తీగను ఒకసారి ఊడదీసి చూడండి. స్క్రీన్ ఖాళీ అవుతుందని అనుకుంటారు. చాలా లాగర్లలో అలా జరగదు. పక్క ఛానెల్ వోల్టేజి కొంచెం ఇటు పాకుతుంది, దగ్గర్లోని కరెంటు తీగల హమ్ తగులుతుంది, తెర మీద గీత అసలు సిగ్నల్ లాగే మెలికలు తిరుగుతూ పోతుంది. సెన్సర్ లేకుండానే 37.4 డిగ్రీలు చూపించిన లాగర్‌ను నేను చూశాను. దాన్ని నమ్మి రిపోర్టు రాసేసిన ఇంజనీరుకు తర్వాత నిజంగానే జ్వరం వచ్చినంత పనైంది.

కొలతల వ్యవస్థ ఎప్పుడూ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె మీరు కొలవాలనుకున్నదాని నుంచే వచ్చిందని రుజువు చేయడమే ఈ వృత్తిలో సగానికి పైగా పని. ఆ అలవాటు స్లైడ్లు చూస్తే రాదు. ఒక చిన్న బెంచి సెటప్ పెట్టుకుని, వారానికి రెండు పూటల చొప్పున రెండు నెలలు కూర్చుంటే వస్తుంది. అది ఎలాగో వరసగా చెబుతాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు ఒకటి, 120 ఓమ్‌ల స్ట్రెయిన్ గేజ్‌లు (సాగినా కుదించుకున్నా రెసిస్టెన్స్ మారే పలుచని రేకులు) నాలుగు, బ్రిడ్జికి (గేజ్‌ను ఇతర రెసిస్టర్లతో కలిపే వలయం) ఇచ్చే ఎక్సైటేషన్ వోల్టేజి మార్చుకోగలిగే బ్రిడ్జి ఆంప్లిఫయర్, 16 బిట్ల డేటా లాగర్, కె టైప్ థర్మోకపుల్ (రెండు లోహాల తీగలు కలిపి చేసిన ఉష్ణోగ్రత సెన్సర్), పీటీ 100 ప్రోబ్ (వేడికి రెసిస్టెన్స్ మారే ప్లాటినం సెన్సర్), మంచి మల్టీమీటర్, కొన్ని ప్రెసిషన్ రెసిస్టర్లు, ఒక ఫ్లాస్కు, 100 గ్రాముల తూకపు రాయి. ఇవికాక బైండు చేసిన నోటుబుక్కు ఒకటి. విడి కాగితాలు వద్దు, అవి సరిగ్గా అవసరమైన రోజే కనిపించవు.

1. ఏం కొలుస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"ఉష్ణోగ్రత కొలుస్తున్నాం" అని రాస్తే చాలదు. దేని ఉష్ణోగ్రత? పైపులో పారే ద్రవానిదా, పైపు గోడదా, థర్మోవెల్ (సెన్సర్‌ను దించే రక్షణ గొట్టం) లోపలి గాలిదా? నిజానికి సెన్సర్ కొలిచేది తన ఉష్ణోగ్రతనే. దానికీ మీకు కావలసినదానికీ మధ్య సంబంధం మీరు చూపించాలి.

ఈ వాక్యం తప్పితే ఏమవుతుందో అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో 1979 మార్చి 28న తేలింది. రియాక్టర్ పీడనాన్ని తగ్గించే ఒక వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో ఆ వాల్వు దీపం మాత్రం ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. ఆ దీపం చూపేది వాల్వు స్థితిని కాదు, దాన్ని నడిపే సోలినాయిడ్‌కు కరెంటు వెళుతోందా లేదా అన్నదాన్ని. మూసుకోమన్న ఆదేశం వెళ్లింది, వాల్వు వినలేదు. రెండు గంటలకు పైగా కూలెంటు (రియాక్టర్‌ను చల్లబరిచే నీరు) అలా బయటికి పోతూనే ఉంది.

కాబట్టి నోటుబుక్కులో ప్రతి ఛానెల్‌కూ ఇలా రాయండి: "ఈ ఛానెల్ కొలిచేది ఫలానా. నాకు కావలసింది ఫలానా. ఈ రెండూ ఒకటే అనుకోవడానికి కారణం ఫలానా." మూడో ఖాళీ నింపలేకపోతే సెన్సర్ బిగించకండి. యూనిట్లు కూడా అక్కడే రాసేయండి. 1999లో నాసా అంతరిక్ష నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోవడానికి కారణం ఒక పక్క పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెలను ఇంకో పక్క న్యూటన్ సెకన్లుగా చదువుకోవడం. రెంటికీ మధ్య తేడా 4.45 రెట్లు.

2. పవర్ ఆన్ చేయకముందే జవాబు లెక్కగట్టండి

నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది తప్పించుకునే అడుగు ఇదే. రీడింగ్ వచ్చాక అది సబబుగానే ఉందని మనసుకు నచ్చజెప్పుకోవడం చాలా సులువు. ముందే రాసిపెట్టుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

మన స్టీలు స్కేలునే తీసుకుందాం. వెడల్పు 30 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు. ఒక కొసను బల్లకు క్లాంపుతో బిగించి, క్లాంపుకు దగ్గర్లో పైభాగాన గేజ్ అంటిస్తాం. గేజ్ నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో 100 గ్రాముల రాయి వేలాడదీస్తాం. గేజ్ దగ్గర బెండింగ్ మొమెంట్ 0.1 × 9.81 × 0.2, అంటే సుమారు 0.196 న్యూటన్ మీటర్లు. సెక్షన్ మాడ్యులస్ వెడల్పు × మందం వర్గం ÷ 6, అంటే 5 ఘన మిల్లీమీటర్లు. స్ట్రెస్ 39 మెగాపాస్కళ్లు. స్టీలు యంగ్స్ మాడ్యులస్ 200 గిగాపాస్కళ్లుగా తీసుకుంటే స్ట్రెయిన్ 196 మైక్రోస్ట్రెయిన్, అంటే పొడవులో పది లక్షల్లో 196 వంతుల మార్పు.

ఇప్పుడు కరెంటు వైపు లెక్క. గేజ్ ఫ్యాక్టర్ (స్ట్రెయిన్‌కు ఎన్ని రెట్లు రెసిస్టెన్స్ మారుతుందో చెప్పే అంకె) 2, ఎక్సైటేషన్ 5 వోల్టులు, బ్రిడ్జిలో ఒకే గేజ్. బ్రిడ్జి ఇచ్చేది 2 × 0.000196 ÷ 4 × 5, అంటే 0.49 మిల్లీవోల్టు. అర మిల్లీవోల్టు! మీ 16 బిట్ల లాగర్‌ను ±10 వోల్టుల రేంజిలో పెట్టారనుకోండి, దాని ఒక్క మెట్టే (అది గుర్తించగల అతి చిన్న తేడా) 0.305 మిల్లీవోల్టు. మీరు వేలాడదీసిన రాయి మొత్తం రెండు మెట్లు కూడా ఎక్కదు. ఆంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో) 1000 పెడితే అదే సిగ్నల్ 1600 మెట్లు ఎక్కుతుంది. పది నిమిషాల కాగితం పనితో గెయిన్ ఎంత పెట్టాలో, ఏ రేంజి వాడాలో తేలిపోయింది. రాయి వేలాడదీశాక 196కు బదులు 98 వస్తే ఏదో సరిగ్గా సగమైందని, 392 వస్తే రెట్టింపైందని వెంటనే పట్టుకుంటారు. బ్రిడ్జి సెట్టింగులో తప్పులు చాలావరకు ఇలా రెట్ల లెక్కనే బయటపడతాయి.

3. గేజ్ అంటించడం, తీగలు కలపడం

అంటించే చోట 320 లేదా 400 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, సాల్వెంటుతో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. వేలి జిడ్డు కంటికి కనపడదు, జిగురుకు మాత్రం బాగా తెలుస్తుంది. ఆరాక గేజ్‌కూ స్కేలుకూ మధ్య ఇన్సులేషన్ రెసిస్టెన్స్ చూడండి. వెయ్యి మెగా ఓమ్‌లు దాటాలి. దీనికి 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి ఇన్సులేషన్ టెస్టర్) తెచ్చి గేజ్‌ను కాల్చుకోకండి. తక్కువ వోల్టేజి టెస్టర్ వాడాలి.

తీగల విషయంలో కాసేపు ఆగాలి. గేజ్ 120 ఓమ్‌లు, రెండు తీగలూ కలిపి 1 ఓమ్ అనుకుందాం. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం చొప్పున మారుతుంది. తీగ మీద ఎండ పడి 10 డిగ్రీలు వేడెక్కితే 0.039 ఓమ్ పెరుగుతుంది. 121 ఓమ్‌లతో, మళ్లీ గేజ్ ఫ్యాక్టర్‌తో భాగించండి. దాదాపు 161 మైక్రోస్ట్రెయిన్. మీ రాయి ఇచ్చేది 196. కిటికీలోంచి పడ్డ ఎండ ఇంచుమించు ఇంకో రాయి వేలాడదీసినట్టే! అందుకే ఒంటి గేజ్‌కు మూడు తీగల కనెక్షన్ వాడతారు. వేడెక్కిన రెండు తీగలూ బ్రిడ్జిలో పక్కపక్క భుజాల్లోకి చేరి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నా మాట నమ్మక్కర్లేదు. ముందు రెండు తీగలతో కలిపి, తీగ మీద హెయిర్ డ్రయర్ ఊది చూడండి. తర్వాత మూడో తీగ కలిపి మళ్లీ ఊదండి. రెండు గ్రాఫులూ నోటుబుక్కులో అంటించుకోండి.

4. సున్నా రావాల్సిన చోట సున్నా వస్తోందా?

నన్నడిగితే ఈ శిక్షణ మొత్తంలో గుండెకాయ ఇదే. కొలత సరైనదని చూపించడానికి సిగ్నల్ ఉన్నప్పటి రీడింగ్ చాలదు, సిగ్నల్ లేనప్పుడు వ్యవస్థ నోరు మూసుకుని ఉంటుందని కూడా చూపించాలి. అందుకు మూడు పరీక్షలున్నాయి.

మొదటిది: ఎక్సైటేషన్ వోల్టేజిని సున్నా చేసి, మిగతాదంతా అలాగే ఉంచి రికార్డు చేయండి. స్ట్రెయిన్ గేజ్ సొంతంగా వోల్టేజి పుట్టించదు. ఎక్సైటేషన్ ఇస్తేనే మాట్లాడుతుంది. అది లేనప్పుడు కూడా లాగర్‌లో ఏదైనా కనపడితే అది స్ట్రెయిన్ కానే కాదు. మోటారు తీగల నుంచి వచ్చిన అయస్కాంత ప్రభావం కావచ్చు, టంకం వేసిన చోట రెండు లోహాల మధ్య పుట్టిన థర్మల్ వోల్టేజి కావచ్చు, గ్రౌండు లూపు (రెండుచోట్ల గ్రౌండు కావడంతో తీగల్లో తిరిగే కరెంటు) కావచ్చు. ఈ పరీక్ష అసలు టెస్టు నడుస్తుండగా, యంత్రం తిరుగుతుండగా చేయాలి. యంత్రం ఆగి ఉన్నప్పుడు చేస్తే అంతా ప్రశాంతంగానే ఉంటుంది. దొంగ లేనప్పుడు కాపలా కాసినట్టు.

రెండోది: ఎక్సైటేషన్ ధ్రువాలు తిప్పేయండి. అసలు సిగ్నల్ గుర్తు మారుతుంది, బయటి నుంచి చొరబడ్డది మారదు. బ్రిడ్జిని ముందే పొటెన్షియోమీటర్‌తో బ్యాలెన్స్ చేసి పెట్టుకోండి. రాయి వేలాడుతుండగా ఒకవైపు +0.52, తిప్పాక −0.46 మిల్లీవోల్టు వచ్చాయనుకోండి. తేడాలో సగం 0.49, అది సిగ్నల్. మొత్తంలో సగం 0.03, అది చొరబాటుదారు. సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌సెట్ తీసేసి ఊరుకుంటే ఈ 0.03 ఎప్పటికీ బయటపడదు, పైగా వేడి మారినప్పుడల్లా మారుతూ ఉంటుంది.

మూడోది: ఇంకో గేజ్‌ను ఏ బరువూ పడని చిన్న స్టీలు ముక్కకు అంటించి, అసలు గేజ్ పక్కనే, అదే పొడవు తీగలతో, అదే కేబుల్ దారిలో పెట్టండి. ఎక్సైటేషన్ ఇవ్వండి. అది చూపేదంతా వేడి వల్లా తీగల వల్లా వచ్చేదే, బరువుతో సంబంధం లేదు.

"ఇన్ని ఛానెళ్లు వీటికే ఖర్చయితే అసలు కొలతలకు ఏం మిగులుతాయి" అని మేనేజర్లు అడుగుతారు. ఇరవై ఛానెళ్ల టెస్టులో రెండు కాపలాకు పెడితే పద్దెనిమిది నమ్మకమైన ఛానెళ్లు మిగులుతాయి. పెట్టకపోతే ఇరవై అనుమానాలు మిగులుతాయి. ఈ విషయంలో నేను బేరానికి ఒప్పుకోను.

5. ఉష్ణోగ్రత: ఐసు ఫ్లాస్కు, తిరగబడిన తీగ

ఐసు ముక్కలు నీళ్లలో తేలుతుంటే అది సున్నా డిగ్రీలని చాలామంది అనుకుంటారు. అడుగున చేరే నీళ్లు 4 డిగ్రీల దాకా ఉండొచ్చు. సరైన పద్ధతి ఇది: డిస్టిల్డ్ వాటరుతో చేసిన ఐసును బాగా నలగ్గొట్టి ఫ్లాస్కు నిండా కూరాలి. ఖాళీలు నిండేంత మేరకే చల్లటి డిస్టిల్డ్ నీళ్లు పోయాలి. ఐసు పైకి తేలిందంటే నీళ్లు ఎక్కువైనట్టు, వంచేయండి. ప్రోబ్ మధ్యలో, అడుగు తగలకుండా, పది సెంటీమీటర్లకు తగ్గకుండా దిగాలి. పది నిమిషాలు ఆగి రీడింగ్ తీయండి. మరిగే నీళ్లతో 100 దగ్గర చూడాలనుకుంటే గాలి పీడనం లెక్కలోకి వస్తుంది. ఎత్తైన చోట నీళ్లు 100 కన్నా ముందే మరుగుతాయి. మొదటి తనిఖీకి ఐసు మేలు.

పీటీ 100 సున్నా డిగ్రీల దగ్గర 100.00 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.51 ఓమ్‌లు చూపాలి. రెండు తీగలతో కలిపితే, తీగల రెసిస్టెన్స్ ఒక్క ఓమ్ ఉన్నా ఐసులోనే 2.6 డిగ్రీలు చూపిస్తుంది. నాలుగు తీగలతో కలిపితే ఆ తప్పు మాయమవుతుంది. ఇదీ చేసి చూడండి.

థర్మోకపుల్ విషయంలో నా సొంత గుణపాఠం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీలో ఫర్నేసు ఉష్ణోగ్రత రీడింగ్ తక్కువొస్తోందని పంపారు. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు పరీక్షించాను, రీడింగ్ గది ఉష్ణోగ్రతతో సరిపోయింది. "అంతా బాగుంది" అని సంతకం పెట్టి వచ్చేశాను. పొయ్యి వెలిగించాక మళ్లీ అదే ఫిర్యాదు. బర్నర్లు మార్చారు, గ్యాసును అనుమానించారు, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు చివరికి ఆపరేటర్‌ను తిట్టారు. అసలు తప్పు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌లో ఉంది. జంక్షన్ బాక్సు దగ్గర ప్లస్, మైనస్ తారుమారై, ప్యానెల్ దగ్గర మళ్లీ తారుమారయ్యాయి. రెండుసార్లు తిరగడంతో రీడింగ్ దిశ సరిగ్గానే అనిపిస్తుంది, వేడి పెరిగితే రీడింగ్ పెరుగుతుంది. కానీ జంక్షన్ బాక్సుకూ ప్యానెల్‌కూ ఉన్న ఉష్ణోగ్రతల తేడాకు రెట్టింపు తప్పు వస్తుంది. బాక్సు 45, ప్యానెల్ 25 ఉంటే రీడింగ్ సుమారు 40 డిగ్రీలు తక్కువ. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి కాబట్టి తప్పు సున్నా. నేను సరిగ్గా తప్పు దాక్కునే సమయంలోనే వెళ్లి చూసొచ్చాను.

మీ బెంచి మీద ఇదే తప్పు కావాలని చేయండి. మధ్య జాయింటును హెయిర్ డ్రయర్‌తో వేడిచేయండి. సరిగ్గా కలిపిన కేబుల్‌లో రీడింగ్ కదలదు. తారుమారైన కేబుల్‌లో కిందికి దిగిపోతుంది. ఆ తర్వాత ఫీల్డులో జాయింటును వేడిచేసి చూడటం మీకు అలవాటైపోతుంది.

6. ఎంత వేగంగా నమూనాలు తీయాలి?

స్కేలు 250 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా క్లాంపు బిగించి, రాయి తీసేసి, కొసను వేలితో లాగి వదలండి. లెక్క ప్రకారం సెకనుకు సుమారు 13 ఊపులు. ఇప్పుడు లాగర్‌ను సెకనుకు 10 నమూనాలకు పెట్టి రికార్డు చేయండి. తెర మీద సెకనుకు 3 ఊపుల నున్నటి తరంగం వస్తుంది. ఎంత అందంగా ఉంటుందంటే, ఎవరికి చూపించినా నమ్మేస్తారు. అలాంటి ఊపు స్కేలులో ఎక్కడా లేదు.

దీన్నే ఏలియాసింగ్ అంటారు. ఫైలు చేతికొచ్చాక దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు, అసలు 3 హెర్ట్జ్‌కూ దొంగ 3 హెర్ట్జ్‌కూ అంకెల్లో తేడా ఉండదు. అందుకే ఫిల్టర్ డిజిటల్‌గా మారకముందే, ఆంప్లిఫయర్ తర్వాత అనలాగ్ రూపంలో ఉండాలి. నమూనాల వేగం సిగ్నల్‌లోని అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దాటాలన్నది కనీస నియమం మాత్రమే. శిఖరం ఎత్తు కావాలంటే అది చాలదు. ఒక్కో ఊపుకు 10 నమూనాలు తీసినా శిఖరం 5 శాతం దాకా తగ్గి కనపడవచ్చు.

ఇంకో ఉచ్చు: ఆంప్లిఫయర్ 10 వోల్టులకు మించి ఇవ్వలేక సిగ్నల్ తల తెగి నిలిచిపోయినప్పుడు, దాని తర్వాత ఫిల్టర్ ఉంటే ఆ తెగిన తలను గుండ్రంగా నునుపు చేసేస్తుంది. ఫైలులో గరిష్ఠం 8.7 వోల్టులే కనపడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఓవర్‌లోడ్ దీపం ఫిల్టర్‌కు ముందు ఉందో, తర్వాత ఉందో మాన్యువల్ తీసి చూడండి.

7. కాలిబ్రేషన్, అనిశ్చితి

కాలిబ్రేషన్ స్టిక్కరు సెన్సర్ గురించి మాత్రమే చెబుతుంది. అది కూడా లాబ్‌లో, లాబ్ ఉష్ణోగ్రతలో, లాబ్ కేబుల్‌తో. ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉన్న లాబ్ నుంచి సర్టిఫికెట్ తెచ్చినా, మీ జిగురుకూ మీ తీగలకూ అది పూచీ పడదు. కాబట్టి మొత్తం గొలుసును ఒక్కసారైనా తెలిసిన బరువుతో, తెలిసిన ఉష్ణోగ్రతతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తనిఖీ చేయాలి. 0, 25, 50, 75, 100 శాతం పైకి వెళ్లి, అవే మెట్లు కిందికి దిగండి. పైకి వెళ్లేటప్పుడూ దిగేటప్పుడూ ఒకేచోట వేరే రీడింగ్ వస్తే అది హిస్టెరిసిస్. ఏదైనా సర్దుబాటు చేసేముందు, వచ్చినప్పుడు ఎలా ఉందో ఆ రీడింగులు తప్పక రాసుకోండి. ముందే సర్దేస్తే, గత ఆరు నెలల డేటా మంచిదో కాదో చెప్పే ఒక్కగానొక్క సాక్ష్యం పోతుంది.

టెస్టుకు ముందూ తర్వాతా షంట్ తనిఖీ ఒకటి పెట్టుకోండి. 120 ఓమ్‌ల గేజ్‌కు సమాంతరంగా 59,880 ఓమ్‌లు కలిపితే, గేజ్ ఫ్యాక్టర్ 2 అయినప్పుడు సరిగ్గా 1000 మైక్రోస్ట్రెయిన్ కుదింపు చూపాలి. గెయిన్ మారిందా, తీగ తెగిందా అన్నది తేలిపోతుంది. గేజ్ ఊడివస్తోందా అన్నది మాత్రం దీనికి తెలియదు.

అనిశ్చితి లెక్క గురించి పుస్తకాలు భయపెడతాయి గానీ మొదలుపెట్టడం కష్టం కాదు. డేటాషీటు ±0.5 డిగ్రీ అంటే, దాన్ని 3 వర్గమూలంతో భాగించండి, 0.29. మీరు పదిసార్లు కొలిస్తే వచ్చిన ప్రామాణిక విచలనం 0.2 అనుకుందాం. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.35. రెండుతో గుణిస్తే 0.7. ఇక రిపోర్టులో 84.2 ± 0.7 డిగ్రీలు అని, గుణించింది 2తో అని రాయండి. 84.237 అని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు.

8. ఫైలు చేతికొచ్చాక

ముందుగా ముడి ఫైలును రీడ్-ఓన్లీ చేసి వేరే చోట కాపీ పెట్టండి. పనంతా కాపీ మీదే. తర్వాత గ్రాఫు గీసి కళ్లతో చూడండి. సగటులు, గణాంకాలు ఆ తర్వాత. కళ్లు అలవాటైతే ఒక్క చూపులో ఎన్నో పడతాయి.

గీత బల్లపరుపుగా ఉందా? బతికున్న సెన్సర్ చివరి అంకె దగ్గర కొంచెమైనా ఊగుతుంది. ముప్పై నమూనాలు వరసగా చివరి దశాంశం దాకా ఒకటే ఉంటే, చాలాసార్లు ఎక్కడో ఏదో చచ్చిపోయి ఉంటుంది. 4–20 మిల్లీ ఆంపియర్ల ఛానెల్‌లో (రేంజి అడుగుకు 4, పైకొసకు 20 వచ్చే పద్ధతి) 3.6 కన్నా తక్కువ, 21 కన్నా ఎక్కువ వస్తే అది కొలత కాదు, లోపం చెప్పే సంకేతం. 0–400 డిగ్రీల ట్రాన్స్‌మిటర్ తీగ తెగి కరెంటు సున్నా అయితే, సాఫ్ట్‌వేర్ దాన్ని −100 డిగ్రీలుగా మార్చి చూపిస్తుంది. కరెంటు విలువను కూడా రికార్డు చేసి ఉంటే మీకు టెన్షన్ ఉండదు.

లేని డేటా చోట సున్నా గానీ 9999 గానీ నింపే సాఫ్ట్‌వేర్లతో జాగ్రత్త. 25 డిగ్రీల రీడింగులు తొంభై తొమ్మిది, మధ్యలో ఒక్క 9999 ఉంటే సగటు 124.7 వస్తుంది. అది చూసి గుర్తుపట్టొచ్చు. పది లక్షల రీడింగుల్లో ఒక్కటి ఉంటే 25.01 వస్తుంది, ఎవరూ గుర్తుపట్టరు.

రెండు లాగర్లు వాడితే గడియారాలు కలిసి నడవవు. టెస్టు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సుత్తితో చిన్న దెబ్బ వేయండి, రెండు లాగర్లలోనూ పడుతుంది. మొదటి దెబ్బతో తేడా, రెండో దెబ్బతో ఆ తేడా ఎంత పెరిగిందో తెలుస్తాయి.

అనుమానం వచ్చిన రీడింగును చెరిపేయకండి. పక్క కాలమ్‌లో గుర్తు పెట్టి, కారణం రాయండి. అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిందని 1985లో జో ఫార్మన్ బృందం నేల మీది పరికరాలతో కొలిచి ప్రకటించింది. నింబస్ 7 ఉపగ్రహం కూడా ఆ తక్కువ విలువలను చూసింది. కానీ 180 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్‌ను కొలిచే యూనిట్లు) కన్నా తక్కువొస్తే అనుమానాస్పదమని గుర్తు పెట్టే నియమం దాని డేటా ప్రాసెసింగ్‌లో ఉంది. గుర్తు పెట్టారే గానీ పారేయలేదు కాబట్టి, మళ్లీ తీసి చూసి ఆ రంధ్రం ఎంత పెద్దదో చూపగలిగారు. "ఇది మరీ విచిత్రంగా ఉంది" అన్నది రీడింగును తీసేయడానికి కారణం కాదు. కారణం డేటా బయటి నుంచి రావాలి: ఆ నిమిషంలో ఎవరో కేబుల్ తొక్కారని నోటుబుక్కులో ఉండటం, కాపలా ఛానెల్‌లో అదే క్షణాన అదే వంకర కనపడటం లాంటివి.

రెండు పద్ధతులు రెండు జవాబులు చెబితే, ఖరీదైన దాని మాటే నిజమని తీర్మానించేయకండి. హబుల్ టెలిస్కోపు ప్రధాన అద్దాన్ని రుద్దేటప్పుడు అసలు పరీక్షా పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉంది. వేరే రెండు పరీక్షలు తప్పుందని చెప్పాయి. అవి తక్కువ ఖచ్చితమైనవని పక్కనపెట్టారు. 1990లో టెలిస్కోపు పైకి వెళ్లాక బొమ్మలు మసకగా వచ్చాయి. తక్కువ ఖచ్చితమైన పరికరం చిన్న తేడాలు చెప్పలేదు గానీ పెద్ద తప్పును బాగానే చెప్పగలదు.

9. ఒకరి బెంచి మీద ఇంకొకరు తప్పు పెట్టండి

చివరి రెండు వారాలూ జంటగా పనిచేయండి. మీ జంట మనిషి గది బయట ఉండగా వాళ్ల సెటప్‌లో ఒకే ఒక్క తప్పు పెట్టండి. గేజ్ ఫ్యాక్టర్‌ను 2.08 నుంచి 2.80 చేయొచ్చు. థర్మోకపుల్ టైపును సాఫ్ట్‌వేర్‌లో కె నుంచి జె చేయొచ్చు. కేబుల్ షీల్డును (లోహపు తొడుగును) రెండు కొసల్లోనూ గ్రౌండు చేయొచ్చు. నమూనాల వేగం తగ్గించొచ్చు. కాలమ్ పేరు మార్చొచ్చు. అన్నిటికన్నా కష్టమైనది, ఒక కనెక్టర్‌ను పావు తిప్పు వదులు చేయడం. 2011లో ఒపేరా అనే భౌతికశాస్త్ర ప్రయోగంలో న్యూట్రినోలు (అతి సూక్ష్మ కణాలు) 730 కిలోమీటర్ల దారిలో కాంతి కన్నా 60 నానో సెకన్లు ముందొచ్చినట్టు కనపడింది. నెలల తర్వాత చూస్తే ఒక ఆప్టికల్ ఫైబర్ కనెక్టర్ పూర్తిగా బిగించి లేదని తేలింది.

పట్టుకోవడానికి గంట సమయం ఇవ్వండి. తీగలు ముట్టుకోకుండా, ముందు ఫైలు చూసి ఊహ రాయాలి, ఆ తర్వాతే టెర్మినళ్లు తెరవాలి. తప్పు దొరికితే ఏ పరీక్ష పట్టించిందో రాసుకోండి. గంటలో దొరకకపోతే ఏ రీడింగ్ ముందే తీసి ఉంటే దొరికేదో ఇద్దరూ కలిసి తేల్చి, మరుసటి రోజు సెటప్ మొదలుపెట్టే ముందు చూసుకునే పట్టికలో ఆ రీడింగును చేర్చుకోండి.